డిటెక్టివ్ నవల నేర్పిన మాటలు

ముద్దాయి, ఫిర్యాది, వాంగ్మూలం, పంచనామా, వీలునామా, జామీను, దర్యాప్తు. ఈ మాటలు మీకు ఎవరు నేర్పారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. బడిలో తెలుగు వాచకం నేర్పలేదు. అందులో ప్రవరుడుంటాడు, గజేంద్రుడుంటాడు, ముద్దాయి మాత్రం ఉండడు. ఇంట్లో వంటింటికీ పెరటికీ మధ్య ఈ మాటల అవసరం రాదు. పోలీసు స్టేషను మెట్లెక్కిన ఆడవాళ్ళు మనలో ఎంతమంది ఉంటారు? అయినా ఈ మాటలన్నీ మనకు తెలుసు. ఇప్పటి పిల్లలకు టీవీ వార్తలు నేర్పాయనుకుందాం. టీవీ లేని రోజుల్లో మన అమ్మలకు, పెద్దమ్మలకు, అత్తయ్యలకు ఎవరు నేర్పారు?

మా ఇంటివరకూ అయితే జవాబు ఒకటే. అద్దెకు తెచ్చుకున్న డిటెక్టివ్ నవల. మీలో చాలామంది ఇళ్ళలోనూ అదే జవాబు వస్తుందని నా నమ్మకం.

నేను బి.ఏ.లో తెలుగు చదువుకున్నాను. మాకు నవలా చరిత్ర చెప్పినప్పుడు కందుకూరి 'రాజశేఖర చరిత్రము'తో మొదలుపెట్టి, ఉన్నవవారి 'మాలపల్లి' మీదుగా, విశ్వనాథవారి 'వేయిపడగలు' దగ్గర కాసేపు ఆగి, ముందుకు వెళ్ళారు. అపరాధ పరిశోధక నవల అన్న మాట ఆ పాఠాల్లో వినపడలేదు. అది కాలక్షేపం సరుకు, సాహిత్యం కాదు అని ఒక అభిప్రాయం. కావచ్చు. కానీ అయిదో తరగతితో చదువు ఆగిపోయిన ఆడపిల్లల చేత వేల పేజీలు చదివించింది ఏ పుస్తకాలు అని లెక్క తీస్తే, ఆ కాలక్షేపం సరుకుకు ముందు వరసలో పీట వేయాల్సి వస్తుంది.

ఈ నవల మన దగ్గరికి ఎలా వచ్చిందో చెబుతాను. ఇంగ్లీషులో డిటెక్టివ్ కథకు ఆద్యుడు అమెరికా రచయిత ఎడ్గార్ ఎలన్ పో అంటారు. ఆయన తొలి కథ 1841లో వచ్చింది. తమాషా ఏమిటంటే ఆ కథలో 'డిటెక్టివ్' అన్న మాటే లేదు. ఆ మరుసటి ఏడాది, 1842లో, లండన్ పోలీసులు నేర పరిశోధనకు ఒక విభాగం పెట్టాక ఆ మాట జనంలోకి వచ్చింది. దాని మూలం లాటిన్‌లో ఉంది. కప్పు తీసి చూడటం అని అర్థం. ఇంటి పైకప్పు ఎత్తి లోపల ఏం జరుగుతోందో చూసేవాడు డిటెక్టివ్ అన్నమాట. 1887లో షెర్లాక్ హోమ్స్ వచ్చేసరికి ఆ మాట లోకమంతా తిరిగేసింది.

మన దేశంలో ఈ కథలు ముందుగా వేళ్ళూనింది బెంగాల్లో. కలకత్తా పోలీసు శాఖలో పనిచేసిన ప్రియనాథ్ ముఖోపాధ్యాయ్ 1892 నుంచి తన అనుభవాలను 'దరోగార్ దప్తర్' అనే పేరుతో కథలుగా ప్రచురించాడు. దరోగా అంటే పోలీసు అధికారి, దప్తర్ అంటే ఆయన కాగితాల కట్ట. మన 'దఫ్తరం' ఇదే మాట. ఆ తర్వాత పాంచ్‌కడీ దే అనే రచయిత నవలలు బెంగాల్లో మారుమోగి, ఇతర భాషల్లోకీ వెళ్ళాయి. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో తెలుగువాళ్ళు బంకించంద్రుడి నవలలతో పాటు ఈ రకం వంగ నవలలనూ ఆవురావురుమంటూ చదివారు. అలా వంగ నవలలను విరివిగా తెనిగించినవారిలో వేంకట పార్వతీశ కవులు ఉన్నారు. 'ఏకాంతసేవ' రాసిన ఆ జంటకవులే. భావకవిత్వానికీ హత్యల కథలకూ ఒకే కాలంలో, ఒకే పాఠకులు ఉన్నారని దీన్నిబట్టి తెలుస్తోంది.

అప్పటి అనువాదాల భాష గ్రాంథికం. దొంగా, పోలీసూ ఇద్దరూ వ్యాకరణం తప్పకుండా మాట్లాడేవాళ్ళు. అది చదవాలంటే కాస్త చదువు ఉండాలి. గిడుగు రామమూర్తిగారి వ్యావహారిక భాషా ఉద్యమం నవలల్లోకి పాకాక ఆ అడ్డు తొలగింది. కొవ్వలి లక్ష్మీనరసింహారావు వెయ్యి నవలల రచయితగా పేరుపడ్డారు. కొవ్వలి, జంపనలవి ఎక్కువగా డిటెక్టివ్ కథలు కావు గానీ, చవక పుస్తకం కొని చదివే అలవాటును ఇళ్ళల్లోకి తెచ్చింది వాళ్ళే.

ఆ అలవాటు మీద అపరాధ పరిశోధక నవల మేడ కట్టుకుంది. కొమ్మూరి సాంబశివరావు (1926–1994) పేరు చెప్పగానే మీ ఇంట్లో పెద్దవాళ్ళ మొహాలు వెలుగుతాయి. ఆయన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు తెలుగువాళ్ళకు ఇంటి మనుషులైపోయారు. టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్ లాంటివాళ్ళు ఉండేవారు. 'త్వమేవాహం' రాసిన కవి ఆరుద్ర కూడా 'పలకల వెండిగ్లాసు' అని డిటెక్టివ్ నవల రాశారు. ఈ పుస్తకాల్లో మనుషులు మనలాగే మాట్లాడతారు. వాక్యాలు చిన్నవి. పదిమందీ వాడే తెలుగు. ఆ తెలుగు మధ్యలో, బియ్యంలో వడ్లగింజల్లా, అక్కడక్కడ కోర్టు మాటలు.

ఇక్కడే అసలు విషయం ఉంది. కొత్త మాట మనసులో నిలవాలంటే మూడు కావాలి. ఆ మాట పదేపదే ఎదురవ్వాలి. చుట్టూ ఉన్న వాక్యం తేలిగ్గా ఉండాలి. దాని అర్థం తెలుసుకోవాలన్న తహతహ మనకు ఉండాలి. వాచకంలో కొత్త మాట పాఠానికి ఒకసారి వచ్చి, చివర అర్థాల పట్టికలో కూర్చుంటుంది. డిటెక్టివ్ నవలలో 'వాంగ్మూలం' అన్న మాట వంటమనిషి దగ్గర ఒకసారి, తోటమాలి దగ్గర ఒకసారి, చనిపోయినాయన మేనల్లుడి దగ్గర ఒకసారి వస్తుంది. మూడోసారికి నిఘంటువుతో పని లేదు. పోలీసుల ముందు నోటితో చెప్పి, కాగితం మీద రాయించేదే వాంగ్మూలం అని తెలిసిపోతుంది. పైగా మాట వదిలేస్తే హంతకుడు తప్పించుకుంటాడేమోనని పాఠకురాలికి భయం. మామూలు నవలలో వర్ణన దాటేసినా కథ పోదు. ఇక్కడ ఒక్క మాట దాటేస్తే ఆధారం పోతుంది. అందుకని అందరూ అచ్చంగా అక్షరం వదలకుండా చదివిన పుస్తకాలు ఇవే.

ఇలా నేర్చుకున్న మాటలు ఎక్కడినుంచి వచ్చాయో చూస్తే ఇంకో కథ. సుల్తానుల కాలంలో, ఆ తర్వాత మొగలాయీల కాలంలో మన ప్రాంతపు కచేరీల్లో పారసీ నడిచింది. కంపెనీవాళ్ళు వచ్చాక కూడా ఆ మాటలు పోలేదు. నిజాం రాజ్యంలో తర్వాత ఉర్దూ రాజభాష అయింది. దాంతో కోర్టు తెలుగు ఒక కలగలుపు. సి.పి. బ్రౌన్ దొరగారు తెలుగు జిల్లాల్లో కోర్టు ఉద్యోగాలు చేసినవాడు. ఆయన తన పెద్ద తెలుగు నిఘంటువు చాలదన్నట్టు, తెలుగులో కలిసిపోయిన ఈ పరభాషా పదాల కోసమే ఇంకో నిఘంటువు చేసి 1854లో అచ్చువేయించాడు. అంటే, న్యాయాధికారికే వేరే పుస్తకం కావలసినంత కష్టమైన మాటలు ఇవి. మన పెద్దమ్మలు వాటిని భోజనాలయ్యాక చాప మీద పడుకుని నేర్చుకున్నారు.

కొన్ని మాటలు విప్పి చూపిస్తాను.

'ఫిర్యాదు' పారసీ మాట. మూలంలో అర్థం మొర, ఆక్రందన. కాగితం మీద రాసి ఇచ్చే మొర మనకు ఫిర్యాదు అయింది. 'ఖూనీ'కి మూలం ఖూన్, అంటే నెత్తురు. 'దర్యాప్తు' అంటే కనుక్కోవడం. 'జామీను' అరబ్బీ నుంచి వచ్చింది, పూచీ పడినవాడు అని అర్థం. మనం రోజుకు వందసార్లు అనే 'అసలు' కూడా అరబ్బీదే. దాని జోడీ 'నకలు'. అసలు, నకలు రెండూ డిటెక్టివ్ నవలలో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పరుగెడుతూనే ఉంటాయి.

'నామా' అంటే పారసీలో పత్రం. దీనికి పెద్ద కుటుంబమే ఉంది. రాజీపడి రాసుకునే పత్రం రాజీనామా. తర్వాత మన దగ్గర ఉద్యోగం వదిలేసే పత్రానికి ఆ పేరు స్థిరపడింది. వకీలుకు అధికారం ఇచ్చే పత్రం వకాల్తునామా. పదిమంది పెద్దమనుషుల ఎదుట చూసింది చూసినట్టు రాసే పత్రం పంచనామా. వీటిలో నాకు ఇష్టమైనది వీలునామా. 'విల్' ఇంగ్లీషు, 'నామా' పారసీ. ఈ రెంటికీ పెళ్ళి చేసింది తెలుగు. మూడు దేశాలు కలిస్తే ఒక తాతగారి ఆస్తి పంపకం!

'ముద్దాయి' కథ ఇంకా విచిత్రం. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. దావా, ముద్దయీ ఒకే ధాతువు పిల్లలు. మన తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. ప్రయాణంలో ఎక్కడో అర్థం బోనులో ఇటువైపు నుంచి అటువైపుకు దూకేసింది.

అన్నీ బయటి మాటలే అనుకోకండి. 'ఆనవాలు' మనం ఎప్పటినుంచో ఎరిగిన మాట. సుందరకాండలో హనుమంతుడు సీతమ్మకు చూపిన ఉంగరం ఆనవాలు. డిటెక్టివ్ నవలలో ఆనవాళ్ళు అంటే నేల మీద చెప్పు గుర్తు, గ్లాసు మీద వేలిముద్ర. మాట అదే, పని అదే: నమ్మకం కలిగించడం. ఇంగ్లీషువాళ్ళు ఈ పనికి 'క్లూ' అంటారు. దాని పాత అర్థం దారపుండ. గ్రీకు కథలో ఒక వీరుడు చిక్కుదారుల కోటలోకి వెళుతూ, తిరిగి రావడానికి దారపుండ విప్పుకుంటూ వెళ్ళాడు. ఆ దారం ఇచ్చింది ఒక అమ్మాయి. మనం పూలు కట్టే దారం, వాళ్ళు హంతకుణ్ణి పట్టే దారం ఒకటేనన్నమాట.

మాటల లెక్క ఒక ఎత్తు, మాటకీ మాటకీ మధ్య తేడా ఇంకో ఎత్తు. అనుమానితుడు, నిందితుడు, దోషి. ఈ మూడూ వేరు వేరు మెట్లు. అనుమానం ఎవరి మీదైనా రావచ్చు. నింద మోపడానికి కొంత ఆధారం కావాలి. దోషి అనాలంటే నేరం రుజువై తీర్పు రావాలి. ఈ తేడా చెప్పే పాఠం నాకు ఏ తరగతిలోనూ దొరకలేదు. డిటెక్టివ్ నవల నిర్మాణమే ఆ పాఠం. మొదటి అధ్యాయంలో పోలీసులు పట్టుకెళ్ళినవాడు చివరికి హంతకుడు కాడు. వందసార్లు చదివితే వందసార్లూ కాడు. ఇప్పుడు వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టి 'వీడే' అని తీర్పు చెప్పేస్తున్న రోజుల్లో, ఆ పుస్తకాలు చదివిన పెద్దావిడ మాత్రం 'ఇంకా రుజువు కాలేదు కదే' అంటుంది. అది పదజాలమే కాదు, సంస్కారం.

ఈ మాటలు జీవితంలో పనికొస్తాయా అంటే, మా పెద్దమ్మ సంగతి చెప్పాలి. ఆవిడ చదువు అయిదో తరగతి. పదహారేళ్ళకు పెళ్ళి. కృష్ణా జిల్లాలో పల్లెటూరి కాపురం. పెదనాన్న బస్తీకి వెళ్ళినప్పుడల్లా అద్దె పుస్తకాల కొట్టునుంచి రెండు నవలలు తేవాలి, లేకపోతే ఆ పూట కాఫీ చప్పగా ఉండేది. అత్తగారికి కనపడకుండా పుస్తకం బియ్యం డబ్బాలో దాచేదట.

1990ల మొదట్లో మా తాతయ్య పోయారు. అమ్మమ్మ అప్పటికే లేదు. నాలుగెకరాల పొలం. నెలరోజులయ్యాక మామయ్యలు అక్కచెల్లెళ్ళిద్దరినీ రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్ళారు. "ఒక్క సంతకం అక్కయ్యా, మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళిపోదాం" అన్నారు. దస్తావేజు లేఖరి కాగితం గడగడా చదివాడు. అమ్మ పెన్ను తీసుకుంది. పెద్దమ్మ ఆ పెన్ను తన చేతిలోకి తీసుకుని, "మళ్ళీ చదవండి, నిదానంగా" అంది. అతను చదివాడు. పొలంలో తమకున్న హక్కు తమ్ముళ్ళకు విడుదల చేస్తున్నామనీ, అందుకు ప్రతిఫలం యావత్తూ ముట్టిందనీ దాని సారాంశం.

"ముట్టింది అని రాశారు. ఎవరికి ముట్టింది?" అని అడిగింది పెద్దమ్మ.

లేఖరి, అది అలా రాయడం రివాజు అన్నాడు. "ముట్టకుండా ముట్టిందని సంతకం పెడితే అది అబద్ధపు వాంగ్మూలం కాదూ?" అంది. తర్వాత మామయ్య వైపు తిరిగి, "పొలం నాన్న స్వార్జితం. వీలునామా లేదు. నాకు, చెల్లాయికి భాగం ఉందో లేదో ముందు ఎవరినైనా వకీలుని అడుగుదాం రా" అంది. అక్కడున్నవాళ్ళంతా ఆవిడ మొహంలోకి చూశారట. ఆవిడ గొంతు కూడా పెంచలేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఆ రెండు మాటలూ, స్వార్జితం, పిత్రార్జితం, ఎంత బరువైనవో తెలుసుకోండి. తండ్రి తన సంపాదనతో కొన్నది స్వార్జితం. ఆయన వీలునామా రాయకుండా పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకులతో పాటు కూతుళ్ళకూ సమాన భాగం వస్తుంది. తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి సంగతి వేరు. అందులో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చే సవరణ మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది, కానీ అప్పటికే పెళ్ళయినవాళ్ళకు వర్తించలేదు. ఆ తేడా పోవడానికి 2005లో కేంద్రం చేసిన సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. పెద్దమ్మకు చట్టాల పేర్లు, సంవత్సరాలు తెలియవు. కానీ ఆస్తి కోసం హత్య జరిగిన నవలలో పరిశోధకుడు మొదట అడిగే ప్రశ్న ఆవిడకు తెలుసు: ఆస్తి ఎవరిది, వీలునామా ఉందా, లేకపోతే ఎవరికి చెందుతుంది?

ఆ రోజు సంతకాలు జరగలేదు. ఒక వకీలు దగ్గరికి అందరూ కలిసే వెళ్ళారు. చివరికి ఇద్దరు అక్కచెల్లెళ్ళకూ మామయ్యలు రెండు విడతల్లో డబ్బు ఇచ్చారు. రెండో విడత ముట్టాకే పెద్దమ్మ సంతకం పెట్టింది. మామయ్య ఏడాదిన్నర మాట్లాడలేదు. ఆ తర్వాత కూతురి పెళ్ళికి స్వయంగా వచ్చి పిలిచాడు. అమ్మ తన వాటాకు వచ్చిన డబ్బులోంచి నా కాలేజీ ఫీజులు కట్టింది. తెలుగు బి.ఏ. పట్టా నాకు వచ్చింది గానీ, అందులో కొంత భాగం యుగంధర్‌కు చెందాలి.

డిటెక్టివ్ నవల న్యాయశాస్త్రం కాదు. అందులో కోర్టు ఒక రోజులో తీర్పు చెబుతుంది, మన కోర్టుల్లో ఆ సుఖం లేదు. కొన్ని నవలల్లో ఆడవాళ్ళను చిత్రించిన తీరు, అట్టమీద బొమ్మలు, ఇప్పుడు చూస్తే చిరాకు పుట్టిస్తాయి కూడా. కానీ ఒక కాగితం ముందు కూర్చున్న ఆడమనిషికి మొదట కావలసింది చట్టం కాదు, మాట. మాట తెలిస్తే ప్రశ్న అడగగలుగుతుంది. ప్రశ్న అడిగితే వకీలు జవాబు చెబుతాడు. మాటే తెలియకపోతే సంతకం పెట్టడం తప్ప చేసేదేముంది?

ఇప్పుడు ఆ మాటలు మళ్ళీ మారుతున్నాయి. 2024 జూలై 1 నుంచి ఇండియన్ పీనల్ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. సినిమాల్లో, నవలల్లో మనకు కంఠతా వచ్చిన 302 ఇప్పుడు 103 అయింది. నాలుగువందల ఇరవై 318లోకి వెళ్ళిపోయింది. ఇళ్ళ అమ్మకాల కాగితాలు, బ్యాంకు కాగితాలు, ఆసుపత్రి అంగీకార పత్రాలు అన్నిట్లోనూ కొత్త మాటలు వచ్చి కూర్చుంటున్నాయి. పిల్లలకు ఇంగ్లీషు వస్తుంది కాబట్టి అన్నీ వచ్చేస్తాయనుకుంటున్నాం. మా అమ్మాయికి 'అక్యూజ్డ్' తెలుసు, 'ముద్దాయి' తెలియదు. రేపు తెలుగులో రాసిన దస్తావేజు దాని ముందుకు వస్తే ఎవరో చదివి చెప్పాలి. ఆ చదివి చెప్పేవాళ్ళు అన్నీ చదువుతారని ఏముంది?

అందుకని ఈ వేసవి సెలవుల్లో మేమిద్దరం ఒక పాత డిటెక్టివ్ నవల పెట్టుకున్నాం. రోజుకు రెండు అధ్యాయాలు. అది పైకి చదవాలి, నేను వత్తులు చేసుకుంటూ వినాలి. తెలియని మాట వస్తే వెంటనే అర్థం చెప్పను. రెండు పేజీలు ఆగమంటాను. చాలాసార్లు అర్థం దానికే దొరుకుతుంది. దొరకనివి కేలెండరు వెనక రాసుకుంటున్నాం. నిన్నటికి ముప్ఫై ఒకటి అయ్యాయి. మీ ఇంట్లో అటక మీద అట్ట ఊడిపోయిన నవల ఏదైనా ఉంటే పాత పేపర్లవాడికి వేయకండి. దుమ్ము దులిపి, ఇంట్లో చిన్నవాళ్ళ చేత పైకి చదివించండి. హంతకుడెవరో మాత్రం ముందే చెప్పేయకండి!